గుంట పూడ్చమన్నది నేనే

మా అమ్మాయి బెంగళూరులో బొమ్మల సినిమాలు తీసే చదువు చదువుతోంది. అలాంటి చదువొకటి ఉందనీ, దానికి పరీక్షలు కూడా ఉంటాయనీ తెలిసిన రోజు నేను మూడు పూటలు అన్నం ముట్టలేదు. ఒక పూటేనని మా ఇంటావిడ అంటుంది గానీ, నా బాధను కొలిచే ఓపిక ఆమెకు ఎప్పుడూ లేదు. మొన్న వేసవిలో ఆ పిల్ల పది రోజుల సెలవుకని హిందూపురం వచ్చింది. వస్తూ వస్తూ ఒక సంచీ నిండా మాసిన బట్టలు, ఒక కంప్యూటరు నిండా జపాను సినిమాలు తెచ్చింది. బట్టలు వాళ్ళమ్మకు, సినిమాలు నాకు. కాలేజీలో ఆమె ఒక ప్రసంగం చెయ్యాలట. మన తాతల కాలంలో జరిగిన యుద్ధం జపాను వాళ్ళ బొమ్మల సినిమాల్లోకీ, బొమ్మల పుస్తకాల్లోకీ, ఆఖరికి చిన్నపిల్లల బడిసంచుల మీది బొద్దు బొద్దు బొమ్మల్లోకీ ఎలా వచ్చి కూర్చుందన్నది విషయం. ఏమీ తెలియని ప్రేక్షకుడికి ఎంత అర్థమవుతుందో చూడాలని నన్ను ఎంచుకుందట. ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో, పదవీ విరమణ సభల్లో మైకు పట్టుకుంటే కరెంటు పోయేదాకా వదలని నన్ను పట్టుకుని ఏమీ తెలియనివాడంటుందా అని ఎదురు చెప్పబోయాను. కానీ బయట ఎండ డెబ్భై డిగ్రీలు, కూలరేమో ఆ గదిలోనే ఉంది. కూర్చున్నాను.

ఐదు రోజుల్లో నేను చూసిన సినిమాలు ఆమె లెక్కన పదకొండు, నా లెక్కన నాలుగు వందలు. ఒకదాంట్లో సముద్రంలోంచి ఒక జంతువు లేస్తుంది. పెనుకొండ కొండకు నాలుగు కాళ్ళూ తోకా మొలిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. అది పట్నం మీదికి నడిచి వస్తుంటే, దానితో ఎవరికీ తగాదా లేనట్టు, వానొస్తే పరుగెత్తినట్టు జనం పరుగెత్తుతారు. ఇంకొకదాంట్లో ఆకాశంలో తెల్లటి వెలుగు వస్తుంది, ఆ తర్వాత చప్పుడే ఉండదు. మన సినిమాల్లో టెంకాయ పగిలినా థియేటరు గోడలు అదిరేట్టు మోగిస్తారే, వీళ్ళేమిటి పట్నమంతా పోతుంటే నోరు మూసుకుంటారని అడిగాను. పన్నెండేళ్ళ పిల్లలు మా వీధి నీళ్ళ ట్యాంకు కంటే పెద్ద ఇనుప మనుషుల్లో ఎక్కి కూర్చుని లోకాన్ని కాపాడుతుంటారు. వాళ్ళ అమ్మానాన్నలు ఎక్కడికి పోయారో ఎవరూ అడగరు. ప్రతి సినిమాలోనూ ఎవరో ఒకరు తల పైకెత్తి ఆకాశం చూస్తారు. ప్రతి సినిమాలోనూ అన్నం తింటారు. కూరా లేదు, చారూ లేదు, ఉత్త తెల్లన్నం. దాని మెతుకు మెతుకూ గీశారు, మీద లేచే ఆవిరిని ఒక నెల కూర్చుని గీసినట్టున్నారు. మా ఇంటావిడ మడకశిర దిక్కు మనిషి. తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి, "ఈ బొమ్మలు చూసేదానికా అంత దుడ్లు పోసి చదివిస్తాండేది" అని వంటింట్లోకి పోయింది. అన్నం గీసిన చోట మాత్రం మళ్ళీ వచ్చి నిలబడింది, అయిపోయేదాకా కదలలేదు.

అప్పుడు మా అమ్మాయి నాకు పాఠం చెప్పింది. మొదట్లో ఆ సినిమాలు తీసినవాళ్ళలో చాలామంది బాంబులు పడే రోజుల్లో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళట. ఓడిపోయిన యుద్ధం కాబట్టి ఇళ్ళల్లో పెద్దవాళ్ళు నోరు విప్పలేదు, సిగ్గు కొంత, గాయం కొంత. పెద్దవాళ్ళు దాచిపెట్టిన భయం పిల్లలకు వాసనలా తెలిసిపోతుందట. వాళ్ళు పెద్దయ్యాక ఆ భయాన్ని కొండంత జంతువుగా గీశారు, తెల్లటి వెలుగుగా గీశారు, ఆకలిని అన్నంగా గీశారు, దిక్కులేని పిల్లలను మాత్రం దిక్కులేని పిల్లలుగానే గీశారు. మరి ఆ బొద్దు బొమ్మలకూ యుద్ధానికీ ఏం చుట్టరికం అన్నాను. ఎవరికీ ఏ హానీ చెయ్యలేనంత చిన్నదీ మెత్తదీ ఒకటి చేతిలో ఉంటే బాగుండునని అంత చూసిన జనానికి అనిపించి ఉంటుందని కొందరు అంటారట, అందరూ ఒప్పుకోరట. ఇంకో మాట కూడా చెప్పింది. తమ మీద పడిన నిప్పును గీసినంతగా, తాము పక్క దేశాల మీద వేసిన నిప్పును వాళ్ళు గీయలేదట. చైనాలో, మలయాలో, బర్మాలో ఆ నిప్పు కింద ఉన్న మనుషులు ఈ బొమ్మల్లో కనబడటం తక్కువట.

బర్మా అనే మాట దగ్గర నేను కూలరును కొంచెం నావైపు తిప్పుకున్నాను. ఆమె కంప్యూటరు మూసేసింది.

"నాయనా, గుంట తాత కథ ఎన్ని సార్లు చెప్పింటావు నువ్వు?"

వెయ్యి సార్లని గర్వంగా చెప్పాను. నా జీవితంలో నేను చెప్పిన అంకె నిజానికి అంత దగ్గరగా వచ్చింది అదే మొదటిసారి.

"అది నవ్వే కథేనా?" అంది.

ఆ కథ మా చుట్టాలకూ, మా వీధి వాళ్ళకూ, హిందూపురంలో నాలుగు తరాల కాలేజీ పిల్లలకూ తెలుసు గానీ మీకు తెలియదు. గుంట తాతంటే మా చిన్నతాత, మా నాయన తండ్రికి తమ్ముడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మనిషి నాలుగున్నర అడుగులు, మీసం ఆరడుగులు. ఆయన నేసిన చీర కట్టుకుని పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురు అంచు చూసుకుంటూ పెళ్ళికొడుకును చూడటం మరిచిపోయేదని, అట్లా తప్పిపోయిన పెళ్ళిళ్ళు కూడా ఉన్నాయని నేను చెబుతుంటాను. ఈయన వయసులో ఉండగా ఒక కరువు ఏడాది పట్టు దొరకక మగ్గం ఆగిపోయిందట. సంతకని హిందూపురం వచ్చి, పట్టాళంలో సిపాయిగా చేరితే మూడు పూటలా అన్నం పెడతారని ఎవరో చెబితే, సరుకులకని తెచ్చిన సంచీ అక్కడే తన ఊరివాడొకడి చేతికిచ్చి చేరిపోయాడట. సంచీ ఇల్లు చేరింది, మనిషి ఐదేళ్ళకు చేరాడు. బర్మా దిక్కుకు, ఆ యుద్ధానికే పోయాడన్నది తప్ప ఆ ఐదేళ్ళ గురించి మా ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క తెలియదు. వచ్చినవాడు తలకు పోసుకుని, సంగటి తిని, పోయి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళు అక్కడినుంచి లేచినట్టు నాకు గుర్తు లేదు.

గుంట మగ్గం చూడనివాళ్ళకు చెబుతాను. మగ్గం నేల మీదే పరిచి ఉంటుంది. నేసే మనిషి కూర్చునే చోట నేలలో నడుం లోతు గుంట తవ్వి ఉంటుంది. గుంట గట్టు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వదిలి, అక్కడున్న చెక్కలను తొక్కుతూ పైన చేత్తో దారం మోసే నాడెను అటూ ఇటూ విసరాలి. మా చిన్నతాత గుంట మామూలు గుంటల కంటే లోతు. ఏనుగు పడితే తొండం కూడా కనబడదని నేను చెప్పేవాణ్ణి. నిజానికి ఒక మనిషి మోకాళ్ళు ముడుచుకుని, తల వంచి పూర్తిగా కూర్చునేంత ఉండేది. పట్టాళం నుంచి వచ్చాక ఆయనే ఇంకొంచెం తవ్వుకున్నాడట.

మేము పెనుకొండలో ఉండేవాళ్ళం, నాయన అక్కడ బడిపంతులు. సెలవు దొరికితే ప్యాసింజరు ఎక్కి ధర్మవరం పోయేవాళ్ళం. ఆ రైలు ఎద్దుల బండికి దారి ఇచ్చి మరీ పోయేది. చిన్నతాత ఇంట్లో మాకు అన్నిటికంటే పెద్ద వినోదం ఏమిటంటే, బెంగళూరు దిక్కునుంచి అప్పుడప్పుడు ఒక విమానం మా మీదుగా పోయేది. మాకు ఆ చప్పుడు వినబడక ముందే ఆయనకు వినబడేది. నాడె సగంలో ఆగేది. మనిషి నీళ్ళలో కప్ప దిగినట్టు జారి గుంటలో దిగిపోయేవాడు. పైన పరిచిన పట్టు దారాలు తప్ప ఏమీ కనబడేది కాదు. మేము పిల్లలం, పక్కింటి నేతగాళ్ళు, దారిన పోయే కూరగాయలామె, అందరం కిటికీ దగ్గర చేరి నవ్వేవాళ్ళం. నవ్వనిది ఒక్కరే, ఆయన ఇంటావిడ, మా చిన్నవ్వ. ఆమె పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి, చెయ్యి తుడుచుకుని, ఆ దారాల మీద మెల్లగా అరచెయ్యి ఆనించేది. కింది మనిషికి ఆ దారాలు కొంచెం కిందికి వంగడం కనబడేది. విమానం పోయిందని అదే వాళ్ళ మధ్య కబురు. ఆయన పైకొచ్చి, తల మీది మన్ను దులుపుకుని, ఆగిన చోటినుంచి నాడె విసిరేవాడు. ఒక్క దారం తెగేది కాదు. ఏమని అడిగినా చెప్పేవాడు కాదు. నిజం చెప్పాలంటే ఎవరూ అడిగేవాళ్ళు కాదు, చూసి నవ్వడంతో సరిపోయేది.

నేను హిందూపురం కాలేజీలో చేరాక ఆయన్ని వేదిక ఎక్కించాను. వార్షికోత్సవంలో రెండు బెంచీల మధ్య సందు గుంట, ఒక స్నేహితుడు విమానం, నేను గుంట తాత. ఒక దుప్పటి, అద్దెకు తెచ్చిన మీసం. పది నిమిషాల నాటకం. జనం నవ్విన నవ్వుకు కాలేజీ పెంకులు లేచిపోయాయి, ఆ వానాకాలం క్లాసులన్నీ గొడుగుల కింద జరిగాయి. బహుమతిగా ప్లాస్టిక్ బకెట్టు ఇచ్చారు. ఆ బకెట్టు తర్వాత ఏ పెళ్ళికి పోయినా ఆ నాటకం వెయ్యమని అడిగేవాళ్ళే.

అట్లా పెనుకొండలో మా అక్క పెళ్ళిలో కూడా వేశాను. భోజనాలైపోయాయి, పందిట్లో అందరూ వక్కాకు నములుతున్నారు. వెయ్యరా, వెయ్యరా అన్నారు. మొదటి వరసలో చిన్నతాత ఉన్నాడు. చూడలేదని అబద్ధం చెప్పను, చూశాను. ఆయన ముందర వేస్తే ఇంకా బాగా నవ్వుతారని అనుకున్నాను, నవ్వారు కూడా. చిన్నవ్వ లేచి వెళ్ళిపోయింది. చిన్నతాత కూర్చునే ఉన్నాడు. అయిపోయాక నన్ను చేత్తో పిలిచి పందిరి గుంజ పక్కకు తీసుకుపోయాడు. కొడతాడనుకున్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని నా చెవుల మీద పెట్టాడు.

"తల మీద కాదప్పా, చెవులు మూసుకోవల్ల. నోరు మాత్రం తెరుచుకోవల్ల. నోరు మూసినోళ్ళకే చెవులు పగిలి నెత్తురొచ్చేది."

అంత నెమ్మదిగా, నాడె పట్టుకోవడం నేర్పేవాడిలా చెప్పాడు. ఇంకా ఏదో చెప్పబోయినట్టు నిలబడ్డాడు. నేను ఏం చేశానో తెలుసా? సరే తాతా అని, ఆ వారంలోనే నాటకంలో నోరు తెరవడం చేర్చాను. నోరు బావిలా తెరిచి చెవులు మూసుకుని గుంటలోకి దిగుతుంటే నవ్వు రెండింతలయింది. ఆ ఒక్క రోజు, ఆ పందిరి గుంజ పక్కన, నలభై ఏళ్ళలో మొదటిసారి ఆయన తలుపు కొంచెం తెరిచాడు. తలుపు సందులోంచి నాకు దొరికింది నాటకానికి పనికొచ్చే ఒక ముక్క.

ఇక అసలు సంగతి. ఆ పెళ్ళయిన ఏడాది వానల్లో ధర్మవరంలో చాలా ఇళ్ళల్లో గుంటల్లోకి నీళ్ళు ఊరాయి. చిన్నతాత కొడుకు, మా చిన్నాయన, గుంట పూడ్చేసి ఎత్తు మీద మగ్గం వేద్దామనుకున్నాడు. అప్పటికే ఆ వీధిలో చాలామంది అట్లా మార్చుకున్నారు. కొత్త మగ్గాన్ని బెంచీ మీద కూర్చుని నేస్తారు, కాళ్ళకు తడి తగలదు. కానీ చిన్నాయనకు ముసలాయన సంగతి అనుమానంగా ఉండింది. గుంట లేకపోతే ఆయన ఏమైపోతాడో అని. మా కుటుంబంలో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని సలహా అడగడానికి హిందూపురం దాకా వచ్చాడు. బస్టాండు పక్కన టీ తాగుతూ అడిగాడు. నేను గ్లాసు కింద పెట్టి, మనస్తత్వశాస్త్రం అంతా మింగినవాడిలా గొంతు సవరించుకుని, దాక్కునే చోటు ఉంది కాబట్టే భయం ఉందని, గుంట పూడిస్తే భయం దానంతట అదే పోతుందని తీర్పు చెప్పాను. ఎక్కడ చదివావబ్బా అన్నాడాయన. పుస్తకంలో ఉంది అన్నాను. ఏ పుస్తకంలోనూ లేదు. ఇన్ని అబద్ధాలు ఆడాను గానీ ఒక మనిషి మీద పనిచేసిన అబద్ధం అదొక్కటే.

పూడ్చిన రోజు నేను కూడా ఉన్నాను. రెండు బండ్ల మట్టి తోలారు. పైన సిమెంటు వెయ్యాలి. చిన్నతాత అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. నీళ్ళు వస్తాండాయి నాయనా, అందుకే, అన్నాడు చిన్నాయన. నీ భయం కూడా పోతాది అని నేను తగిలించాను. ఆయన నావైపు చూడలేదు. "పూడ్చండప్పా, మీ ఇల్లు" అన్నాడు. అంతే. ఆ ఇల్లు ఆయన నేత మీద కట్టిన ఇల్లు.

మేస్త్రీ సిమెంటు నున్నగా రుద్ది భోజనానికి పోయాడు. నేను ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం. విమానం వచ్చింది.

ఇక్కడినుంచి నేను ప్రపంచానికి చెప్పే కథ ఏమిటంటే, చిన్నతాత గుంట ఉందనుకుని పరుగెత్తుకొచ్చి, లేదని తెలిసి, ఎదురుగా ఉన్న నన్ను పట్టుకుని పచ్చి సిమెంటు మీదికి తోశాడు. నా ముక్కు, మీసం, చొక్కా గుండీలతో సహా నేల మీద అచ్చు పడ్డాయి. మేస్త్రీ వచ్చి చూసి, ఇంట్లో ఏదో దేవుడు వెలిశాడని టెంకాయ కొట్టాడు. ఇక్కడ జనం పడిపడి నవ్వుతారు. నేను కాసేపు ఆగి నీళ్ళు తాగుతాను. ముప్పై ఏళ్ళుగా ఆ కథ ఇక్కడే అయిపోతుంది.

మా అమ్మాయి అడిగింది ఈ కథ గురించే. నవ్వే కథేనా అని. నేను అలవాటు కొద్దీ నీళ్ళ గ్లాసు అందుకున్నాను, తాగబుద్ధి కాలేదు. మిగిలింది చెప్పాను.

ఆయన పరుగెత్తుకురాలేదు. అరుగు మీదినుంచి లేచి లోపలికి వచ్చాడు, మగ్గం గది గడప దాటాడు, నిలబడిపోయాడు. గుంట ఉండే చోటే చూస్తున్నాడు. కళ్ళు అటూ ఇటూ వెతికాయి. పిల్లవాడు సంతలో తప్పిపోతే అట్లా చూస్తాడు. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. నవ్వబోతున్నాను. చప్పుడు దగ్గరయింది. అప్పుడు ఆయన చూపు నా మీద పడింది, ఆ క్షణంలో ఆయన దేని కోసం వెతుకుతున్నాడో మరిచిపోయినట్టున్నాడు. నా మెడ మీద చెయ్యి వేసి నేలకు వంచి, నా మీద పడుకున్నాడు. దాక్కోవడానికి కాదు, ఆయన కింద నేను ఉండాలని. అరవై ఏడేళ్ళ మనిషి, ఎముకలన్నీ నా వీపుకు తెలుస్తున్నాయి. మొత్తం ఒళ్ళు మగ్గం ఆడినట్టు ఆడుతోంది. తన మోచేతులతో నా చెవులు మూశాడు. నా నోట్లో తన బొటనవేలు పెట్టి పళ్ళు విడదీశాడు.

"తెరు నాయనా, తెరు. మూసుకోవద్దు."

ఆ నాయనా అన్న పిలుపు నాకు కాదని నాకు ఆ రోజే తెలుసు. ఆయన నన్నెప్పుడూ అప్పా అనేవాడు. అక్కడ, బర్మాలో ఎక్కడో, ఇంకెవరి నోరో ఆయన తెరవడానికి చూసి ఉంటాడు. తెరవగలిగాడో లేదో.

చిన్నవ్వ వచ్చింది. ఆనించడానికి పైన దారాలు లేవు. ఆమె కాసేపు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి, చివరికి ఆయన వీపు మీద పెట్టింది. ఆ మీసం అచ్చు కథ నిజం కాదు, నాకప్పటికి మీసమే సరిగా రాలేదు. నేల మీద పడిన అచ్చు ఆయన మోకాళ్ళది. మేస్త్రీ భోజనం చేసి వచ్చి ఏమీ అడక్కుండా తాపీతో రుద్దేశాడు.

ఎత్తు మగ్గం మీద చిన్నతాత మూడు రోజులు కూర్చున్నాడు. కాళ్ళు గాల్లో ఉంటే చెయ్యి ఆడదని చెప్పి దిగిపోయాడు. ఆ తర్వాత చిన్నవ్వ పక్కన కూర్చుని నాడెలో పెట్టే కండెలకు పట్టు దారం చుట్టేవాడు. ధర్మవరంలో అది ఆడవాళ్ళూ, కళ్ళు కనపడని ముసలివాళ్ళూ చేసే పని. ఆయన కళ్ళు శుభ్రంగా కనబడేవి. విమానం వస్తే ఇక దాక్కునేవాడు కాదు. చుట్టడం ఆపి, నోరు తెరుచుకుని, అది పోయేదాకా అట్లా కూర్చునేవాడు. భయం పోయిందని చిన్నాయన నాకు కార్డు రాశాడు, నీ సలహా పనిచేసిందని. ఆ కార్డును నేను నలుగురికి చూపించాను.

రెండేళ్ళకు చిన్నతాత పోయాడు. పదో రోజు పనులకు పోయినప్పుడు, చిన్నవ్వ ఆ మగ్గం గదిలో గోడవారగా కూర్చుని ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా, మీకు తెలుసు నా సంగతి, నోరు ఊరుకోదు. అయినా పాపం తాతకు ఆ గుంట అంటే అంత పిచ్చేమిటవ్వా అన్నాను.

"పిచ్చి గాదురా. కింద చోటు ఉండాది అనుకుంటేనే ఆ మనిషికి పైన చీర కనపడేది. నలభై ఏండ్లు అట్ల నేసినాడు. మీకు నవ్వులాట అయిపోయింది."

కోపంగా అనలేదు. తర్వాత నాకు మజ్జిగ తెచ్చిచ్చింది కూడా. ఆ మాటను కూడా నేను నా కథలో ఎక్కడా పెట్టలేదు. పెడితే నవ్వు ఆగిపోతుంది. నవ్వు ఆగిపోతే నా చేతిలో మైకు ఎందుకుంటుంది?

ఇదంతా అయ్యాక నేను ఆమెకు జపాను వాళ్ళ గురించి నా అభిప్రాయం చెప్పాను, ఆమె ప్రసంగానికి పనికొస్తుందేమోనని. వాళ్ళ ఇళ్ళల్లోనూ పెద్దవాళ్ళు చెప్పలేదు, మా ఇంట్లోనూ చెప్పలేదు. అక్కడ పిల్లలు ఆ మౌనం చుట్టూ ఒక కొండంత జంతువును గీసి, ఊరి మీదికి వదిలి, లోకమంతా దాన్ని చూసి భయపడేట్టు చేశారు. మా ఇంట్లో భయపడ్డ మనిషినే బొమ్మను చేసి వేదిక మీద ఆడించాం. వాళ్ళ విమానాలకు భయపడినవాణ్ణి వాళ్ళు గీయకపోవడం వాళ్ళ తప్పే కావచ్చు. మన మనిషిని మనం గీసిన తీరు కంటే అది నాకు పెద్ద తప్పనిపించలేదు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. రెండూ తప్పులే నాయనా, ఒకదాని వెనక ఇంకోటి దాక్కోకూడదు అంది. అంత చదివించినందుకు ఆ మాట అనిపించుకోవలసిందే.

తర్వాత నోటు పుస్తకం తీసింది. చిన్నతాత గురించి తన ప్రసంగంలో చెబుతానంది. పేరు రాసుకుంది, ధర్మవరం రాసుకుంది, నేత అని రాసుకుంది. కలం పట్టుకుని అడగడం మొదలుపెట్టింది. ఏ ఊళ్ళో ఉండినాడు? ఎవరితో ఉండినాడు? ఆ రోజు పక్కన ఉన్నది ఎవరు? ఎట్ల తిరిగొచ్చినాడు, నడిచినాడా, ఓడెక్కినాడా? ప్రతి ప్రశ్నకూ నేను నోరు తెరిచాను. జీవితంలో ఏ సభలోనూ నాకు మాట కరువైంది లేదు. ఒక్క మాట కల్పించి ఉంటే ఆ పిల్ల నమ్మేది, నేను బ్రహ్మాండంగా కల్పించగలను, బర్మా అడవులు, ఏనుగులు, నదులు, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. తెలియదు అన్నాను. నాలుగు సార్లు అన్నాను.

"యాడికి పోయినాడో గూడా అడగలేదా నాయనా మీరు?"

అడగలేదు. ధర్మవరం నుంచి పెనుకొండకు ప్యాసింజరు వచ్చేలోపల అడగగలిగిన ప్రశ్నలు అవి. ఆయన అరుగు మీద ఉండేవాడు, మజ్జిగ ఉండేది, సెలవులు ఉండేవి. ఆమె ఆ ప్రశ్నలను కొట్టెయ్యకుండా, ఒక్కొక్కదాని కింద రెండు గీతల చోటు వదిలి, పుస్తకం మూసింది. కాలం అన్నిటినీ మరిపిస్తుందని మా పెద్దలు చెప్పేవాళ్ళు. నా అనుభవంలో అది అంత మంచిదేమీ కాదు. అడగవలసిన మనిషిని ముందు తీసుకుపోతుంది, అడగవలసిన ప్రశ్నను తీరిగ్గా వెనక పంపిస్తుంది.